మెడ మీద పడే చెయ్యే నీకు దారి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వయసు 20. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 66, 67 కిలోల మధ్య ఉంటుంది. ఫ్రీస్టైల్ కుస్తీలో 65 కిలోల్లో దిగుతున్నాను. విజయనగరం కుర్రాడొకడు, 5 అడుగుల 10 అంగుళాలుంటాడు, కాలేజీ పోటీల్లో రెండుసార్లు వాడి చేతిలోనే ఓడిపోయాను. నేను కాళ్ళకి వెళ్ళేలోపే మెడ మీద చెయ్యేసి కిందికి లాగేస్తాడు. ఒకవేళ కాలు దొరికినా, కాళ్ళు వెనక్కి తన్ని మొత్తం బరువంతా నా వీపు మీద వేసేస్తాడు. ఇంట్లోవాళ్ళేమో ‘పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు’ అని నవ్వుతారు. మ్యాట్ మీద ఆ పుట్టెడులో ఒక్క గింజా గుర్తుకు రావట్లేదు. 57 కిలోలకి దిగిపోతే నా సైజువాళ్ళు దొరుకుతారని ఫ్రెండ్స్ అంటున్నారు. దిగమంటారా? ఎత్తు పెరగడానికి పౌడర్లున్నాయట, అవి పనిచేస్తాయా? ఈమధ్య మెడ కూడా కొంచెం పట్టేసినట్టుంటోంది.

జవాబు: తమ్ముడూ, ముందు బరువు సంగతి తేల్చేద్దాం. దిగొద్దు. 67 నుంచి 57కి అంటే పది కిలోలు. నీ ఒంట్లో అంత కొవ్వుంటే 65లో ఆడేవాడివే కాదు. పోయేదంతా నీళ్ళూ కండే. ఇప్పుడు అంతర్జాతీయ నిబంధనల్లో తూకం పోటీ రోజు పొద్దున్నే పెడుతున్నారు, రెండో రోజుకి ఆట సాగితే మళ్ళీ తూగాలి. ముందురోజు తూగేసి రాత్రంతా తిని తేరుకునే కాలం పోయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల ఫైనల్ దాకా వెళ్ళి, ఆ పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు పోటీలోంచే తప్పుకోవాల్సి వచ్చింది. చుట్టూ డాక్టర్లూ, డైట్ చూసేవాళ్ళూ ఉన్న మనిషికే అలా అయింది. నువ్వు హాస్టల్ మెస్‌లో తింటూ, అన్నం మానేసి, రగ్గు కప్పుకుని పరుగులు తీస్తానంటే నేను ఒప్పుకోను. అయినా 57లో పొడుగువాళ్ళు ఉండరని ఎవరు చెప్పారు? అక్కడా వాళ్ళే ఎదురవుతారు, అప్పటికి నీకు ఓపిక ఉండదు, అంతే తేడా.

అసలు ఇంకో లెక్క నువ్వు వేసుకోలేదు. నీకంటే ఏడంగుళాలు ఎత్తున్నవాడు నీ బరువే తూగుతున్నాడంటే, ఆ కిలోలన్నీ పొడుగునా పరుచుకుని ఉన్నాయన్నమాట. వాడి నడుం నీకంటే సన్నం, తొడ నీకంటే సన్నం. నీ బరువంతా కుదురుగా కిందికి ఉంది. వాడికి నీకంటే ఎక్కువున్నవి రెండే: చెయ్యి దూరం అందుతుంది, కాలు దూరం పోతుంది. ఆ రెండూ పనిచేయాలంటే మీ ఇద్దరి మధ్యా కాస్త జాగా కావాలి. ఆ జాగా నువ్వే ఇస్తున్నావు.

మీ ఆమదాలవలసవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కరణం మల్లీశ్వరి పెరిగిన చోటది. 2000లో సిడ్నీలో ఆవిడ 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఇటు నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చుకుంది. వెయిట్‌లిఫ్టింగ్ హాల్లోకి వెళ్ళి చూడు, పొట్టి చేతులూ పొట్టి కాళ్ళూ ఉన్నవాళ్ళని ఎవరూ జాలిగా చూడరు. బార్ తక్కువ దూరం ప్రయాణిస్తే చాలు కదా. కుస్తీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి కొండంత మనిషే పహిల్వాన్. దానిలో తప్పేం లేదులే, వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడుగారిని తలుచుకునే నేల ఇది, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. కానీ స్వతంత్ర భారతానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చింది 1952లో హెల్సింకీలో ఖాశాబా జాధవ్, బ్యాంటమ్ వెయిట్ అనే తేలిక బరువు విభాగం కుస్తీలో. ఆయన్ని ‘పాకెట్ డైనమో’ అనేవారు. ఎందుకన్నారో నీకు వేరే చెప్పాలా?

సరే, ఇక పట్ల సంగతి.

ఇద్దరు ఎదురుబొదురుగా నిలబడితే మూడు దూరాలుంటాయి. ఒకటి, వాడి చెయ్యి కూడా నిన్ను అందుకోలేనంత దూరం. రెండోది, వాడి అరచెయ్యి నీ మెడ వెనక్కి వస్తుంది, నీ చెయ్యి మాత్రం వాడి మోచేతి దాకానే పోతుంది. మూడోది, నీ నుదురు వాడి దవడ కిందో, ఛాతీ మీదో ఆనేంత దగ్గర. మొదటిదాంట్లో ఇద్దరికీ ఏమీ లేదు. మూడోది నీది. నడిమిది వాడిది. నువ్వు రాసినదాన్ని బట్టి, నీ ఆటంతా ఆ నడిమి దూరంలోనే జరుగుతోంది. అక్కడ నిలబడి వాడి చెయ్యి తోసేస్తావు, వాడు మళ్ళీ వేస్తాడు, మళ్ళీ తోస్తావు. నిమిషంలో నీ భుజాలు బరువెక్కుతాయి. విసుగొచ్చి అక్కణ్ణుంచే కాళ్ళ మీదికి దూకుతావు. అంత దూరం నుంచి దూకినవాడి తల ముందు వెళ్తుంది, కాళ్ళు వెనక ఉండిపోతాయి. ఇంకేం, వాడికి పండగే.

మెడ మీద చెయ్యి పడకుండా చూసుకోవడం ఎలాగని నువ్వడుగుతావేమో. నేనేమంటానంటే, పడనీ. పొడుగువాడికి ఆ అలవాటు ఎలాగూ పోదు, చెయ్యి అందుతోంది కాబట్టి వేస్తాడు. వేసినప్పుడు ఏమవుతుందో చూడు. వాడి మోచెయ్యి పక్కటెముకల్ని వదిలేసి పైకి లేస్తుంది. చంక తెరుచుకుంటుంది. నీ ఎత్తుకి ఆ చంక సరిగ్గా నీ నుదురు ముందు ఉంటుంది. వాడి ఎత్తువాడే అయితే అందులో దూరడానికి సగం కూర్చోవాలి, నువ్వు జానెడు దిగితే చాలు. అన్నిటికంటే ముఖ్యం, నడిమి దూరం దాటే పని నీ తరఫున వాడే చేసిపెట్టాడు.

ఇప్పుడు మెల్లిగా చేసి చూద్దాం. వాడి కుడిచెయ్యి నీ మెడ వెనక ఉంది. నీ ఎడమ అరచెయ్యి వాడి కుడి మోచేతి కింద పెట్టు, నీ కుడిచెయ్యి వాడి మెడ మీద ఉండనీ. వాడు కిందికి లాగుతాడు చూడు, ఆ క్షణం కోసం ఆగు. లాగినప్పుడు ఎదురు నిక్కకు. వాడు లాగే దిక్కుకే మోకాళ్ళు వంచి దిగుతూ, మోచెయ్యిని పైకి తోసి, ఎడమకాలు వాడి కుడిపాదం పక్కకి పెద్ద అంగ వెయ్యి. తల చంక కిందనుంచి అవతలికి రావాలి. రాగానే తల ఎత్తి, చెవి వాడి వీపుకి అతుక్కున్నట్టు ఆనించు, కుడిచేత్తో వాడి మెడని నీ ముందుకి లాగు. అప్పటికి నువ్వు వాడి వెనకున్నావు, నడుం చుట్టూ రెండు చేతులూ కలిపెయ్యి. దీన్ని డక్ అండర్ అంటారు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు తల వంచి దూరడం. తల వంచితే కళ్ళు నేల చూస్తాయి, వాడు చెయ్యి దించి నీ మెడని చంకలో ఇరికించేస్తాడు. దిగాల్సింది పిరుదులు, తల కాదు. అద్దం ముందు చేస్తే నీ కళ్ళు నీకు కనబడుతూనే ఉండాలి.

అదే చెయ్యి మీద రెండో పని కలాజంగ్. అఖాడాల్లో పాత పట్టే, మ్యాట్ మీదా బాగా పనికొస్తుంది. ఈసారి మోచెయ్యిని పైకి తొయ్యవు, నీ ఎడమచేత్తో వాడి కుడి దండని, అంటే మోచేతి పైభాగాన్ని, గట్టిగా పట్టి నీ ఛాతీకి లాక్కుంటావు. తల ఆ చంక కిందే. కుడి మోకాలు వాడి రెండు కాళ్ళ మధ్య నేలకి దించి, కుడిచెయ్యి కాళ్ళ మధ్యనుంచి పంపి వాడి కుడితొడ చుట్టూ వేస్తావు. వాడు నీ భుజాల మీద అడ్డంగా ఉంటాడు. చెయ్యి కిందికి, తొడ పైకి, నీ ఎడమపక్కకి దొర్లించు. పొడుగువాడు నీ భుజాల మీద పడ్డాక కాళ్ళూ చేతులూ ఎంత పొడుగున్నా ఆనించుకోడానికి నేల దొరకదు. అయితే ఒక్క షరతు. దండ మీద పట్టు జారితే మాత్రం వాడు నీ వీపెక్కి కూర్చుంటాడు. చెమట పట్టాక, ఆట చివర్లో దీని జోలికి పోకు. మొదటి మూడు నిమిషాల్లో, ఒళ్ళు పొడిగా ఉన్నప్పుడే. పడేసిన దెబ్బకి వాడి వీపు నేరుగా నేలవైపు తిరిగితే నాలుగు పాయింట్లు కూడా రావచ్చు.

రెండూ ఒకే చేతి మీద ఉన్నాయి కాబట్టి వాడికి చిక్కు. మోచెయ్యి దించుకుంటే కలాజంగ్, ఎత్తితే డక్ అండర్. చివరికి మెడ మీద చెయ్యి వెయ్యడానికే జంకుతాడు. అప్పుడు వాడి దగ్గర మిగిలేది వంగి నీ మణికట్లు వెతుక్కోవడం. వంగాడా, ఈసారి మెడ నీది. రెండు అడుగులు వెనక్కి వేస్తూ ఒక్క ఊపున కిందికి గుంజి, వాడి చేతులు నేలకి ఆనగానే చుట్టూ తిరిగి వాడి వెనక్కి చేరు. ఒకటి గుర్తుంచుకో, రెండు చేతుల్తో మెడ ఒక్కటే బిగించి పట్టుకోవడం ఫౌల్, వాడి చెయ్యి ఒకటి కూడా కలిపి పట్టాలి. వాడు నిన్ను అలా ఒట్టి మెడ మీద బిగిస్తే రిఫరీకి కనబడేలా తల తిప్పు.

ఇక కాళ్ళ సంగతి. ఇక్కడే నువ్వు రెండుసార్లూ ఓడావు కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను. నువ్వు రాసింది మళ్ళీ చదివాను. ‘కాలు దొరికినా’ అన్నావు. అంటే కాలు దొరుకుతోంది. దొరికాక ఏం చెయ్యాలో తెలియట్లేదు. ఇవి రెండూ వేరు వేరు సమస్యలు. మన దగ్గర ప్రాక్టీసులో అందరూ కాలు పట్టుకునేదాకా వందసార్లు చేస్తారు, పట్టుకున్నాక ఎదుటివాడు మర్యాదగా పడిపోతాడు. పోటీలో ఎవడూ పడిపోడు.

సింగిల్ లెగ్, అంటే వాడి ఒక కాలు, దొరికిందనుకో. పొడుగువాడి కాలుని పైకెత్తి పడేద్దామనుకోకు. నువ్వు నీ ఛాతీ దాకా ఎత్తినా వాడికది నడుం ఎత్తే, ఒంటికాలి మీద గెంతుకుంటూ నీ మెడ మీద పని కానిచ్చేస్తాడు. నీకు పనికొచ్చేది కిందికి నొక్కి తిప్పడం. వాడి తొడని నీ రెండు తొడల మధ్య బిగించి, చేతులు మోకాలి వెనక కలిపి, తల లోపలివైపు పెట్టి చెవి వాడి పక్కటెముకలకి ఆనించు. ఇప్పుడు నీ ఛాతీ బరువుని వాడి తొడ మీద వేస్తూ గుండ్రంగా వెనక్కి అడుగులెయ్యి. నిలబెట్టిన నిచ్చెన అడుగు పక్కకి లాగితే ఎంత పొడుగుంటే అంత జోరుగా పడుతుంది చూశావా, అలాగే. తిరగడం ఆపొద్దు, వాడు కూర్చునేదాకా తిరుగుతూనే ఉండు.

వాడు కాళ్ళు వెనక్కి తన్నేసి నీ మీద పడేదానికి మందు వేరే ఉంది, ఇంకా కిందికి వెళ్ళడం. అమెరికా మల్లుడు జాన్ స్మిత్ 1988లో, 1992లో 62 కిలోల్లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. ఆయన పేరు చెప్తే కుస్తీవాళ్ళకి గుర్తొచ్చేది లో సింగిల్. తొడకీ మోకాలికీ కాకుండా చీలమండకి వెళ్ళేవాడు. మడమ వెనక చెయ్యి, భుజం వాడి ముంగాలికి గట్టిగా ఆనడం, మోకాలి కింద తోపు. పొడుగువాడు నడుంతో నీ మీద పడాలంటే నువ్వు వాడి నడుం కింద ఉండాలి కదా. చీలమండ దగ్గరున్నవాడి మీద పడటానికి వాడి నడుం చాలా దూరం రావాలి. మీ ఊళ్ళో కబడ్డీ ఆడేవాడివైతే యాంకిల్ హోల్డ్ నీకు కొత్త కాదు. ఒకటే తేడా, కబడ్డీలో రైడర్ గీత వైపు పారిపోతుంటాడు కాబట్టి పట్టి వెనక్కి లాగుతావు, ఇక్కడ వాడు నీ మీదికే వస్తుంటాడు కాబట్టి పట్టి ముందుకి తొయ్యాలి. కబడ్డీ అలవాటుతో వెనక్కి లాగితే వాణ్ణి నీ మీదికే లాక్కున్నట్టు.

ఎంత చేసినా ఒక్కోసారి కింద ఇరుక్కుంటావు. వాడి ఛాతీ నీ మాడు మీద, చెయ్యి నీ గడ్డం కింద. అప్పుడు మోకాళ్ళ మీద ఉండిపోయి గుండెలు ఎగరేసుకుంటూ విజిల్ కోసం చూడటమే అసలు ప్రమాదం. నీ గడ్డం కింద ఉన్న చెయ్యి మోచేతిని రెండు చేతుల్తో పట్టి కిందికి లాగు, ఒక పాదం నేలకి ఆనించు, ఆకాశం చూస్తున్నట్టు తల ఎత్తు, పక్కకి నడు. అదే వరసలో.

దగ్గరికొచ్చి రెండు చంకల కిందా చేతులేసి నడుం పట్టుకుంటే నీ పిరుదులు వాడి పిరుదుల కిందే ఉంటాయి, ఎత్తడం తేలిక. కానీ ఎదురుగా తిన్నగా నిలబడి పట్టుకోకు. పొడుగువాళ్ళు ఆ సమయంలో నీ చెయ్యిని పైనుంచి చుట్టి పక్కకి విసిరేస్తారు. సగం పక్కకి తిరిగి, చెవి ఛాతీకి ఆనించి పట్టుకో. ఎత్తలేకపోతే గీత దాకా తోసుకుంటూ పో, బయట కాలు పెడితే ఒక పాయింటు నీదే. ఆ ఒక్క పాయింటుని చాలామంది చిన్నచూపు చూస్తారు. ఆరు నిమిషాల ఆటలో నాలుగుసార్లు తోస్తే నాలుగు. నేల మీద ఆట గురించి పెద్దగా చెప్పను. పైనుంటే వాడి సన్న నడుం చుట్టూ నీ చేతులు హాయిగా కలుస్తాయి, బిగించి దొర్లించు. కిందుంటే మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకో, ఆ పొడుగు కాలు నీ కాళ్ళ మధ్యకి రానివ్వకు.

ప్రాక్టీసుకి పొడుగువాడు కావాలి, ఎక్కడ దొరుకుతాడని అడుగుతావు. మీ కాలేజీ వాలీబాల్ టీమ్‌లో దొరుకుతాడు. వాడికి కుస్తీ రానక్కర్లేదు. మెడ మీద చెయ్యేసి లాగమను, అంతే. వాడు లాగేటప్పుడు మోకాళ్ళు వంచి, చంక కింద దూరి, వెనక్కి చేరడం దాకా చెయ్యి. పడేయడాలు మాత్రం వాడితో వద్దు, పడటం నేర్చుకోనివాణ్ణి పడేస్తే చెయ్యి విరుగుతుంది. అవి మీ కోచ్ ముందే, మ్యాట్ మీదే. కోచ్ దగ్గర ప్రాక్టీస్ చేసేటప్పుడు ప్రతి రౌండూ చేతులు విడిగా కాకుండా, నీ జోడీగా దిగినవాడి చెయ్యి నీ మెడ మీద ఉండగానే మొదలెట్టమని అడుగు. ఇంకో రౌండు, వాడి కాలు నీ చేతిలో ఉండగా మొదలెట్టాలి, వాడు నిజంగా తప్పించుకోవాలి. ఈ రెండూ చేస్తే మిగతా టెక్నిక్కుల వీడియోలు ఇప్పట్లో చూడనక్కర్లేదు. సాయంత్రాలు పక్కనే వెయిట్‌లిఫ్టింగ్ నేర్పేవాళ్ళుంటే వాళ్ళ దగ్గర స్క్వాట్, క్లీన్ (బార్‌ని నేల నుంచి భుజాల దాకా ఎత్తడం) సరిగ్గా నేర్చుకో. బస్కీలు మానమనట్లేదు, వాటికి తోడుగా. నాగావళి ఇసుకలో పరుగు కూడా మంచిదే, పిక్కలకి.

మెడ పట్టేసిందన్నావు. ఒట్టిగా పట్టేయడమే అయితే కొన్నాళ్ళు మెడ లాగే డ్రిల్స్ ఆపు, తగ్గాక మెల్లగా మెడ వ్యాయామాలు మొదలెట్టు. చెయ్యి తిమ్మిరెక్కడం, వేళ్ళలో పట్టు తగ్గడం, భుజంలోకి కరెంటు కొట్టినట్టుండటం ఇందులో ఏది ఉన్నా మ్యాట్ ఎక్కకుండా ఎముకల డాక్టర్‌కి చూపించు. మీ నాన్నగారికి చెప్తే కుస్తీ మాన్పించేస్తారని దాచొద్దు.

పౌడర్ల గురించి. 20 ఏళ్ళకి చాలామందికి ఎముకల చివర పెరిగే భాగం మూసుకుపోయి ఉంటుంది. డబ్బా మీద ఏం బొమ్మ వేసినా ఎముక పొడుగవదు. కొన్నిట్లో ఏం కలుపుతారో కూడా తెలియదు, డోప్ టెస్టులో దొరికితే ఆ బాధ వేరే. ఆ డబ్బులుంటే ఒక జత కుస్తీ బూట్లు కొనుక్కో, చీలమండ దాకా లేసు బిగించుకునేవి. ఇప్పుడు నువ్వు వేసుకుంటున్నవి మామూలు కాన్వాస్ బూట్లేమోనని నా అనుమానం. లో సింగిల్‌కి వెళ్ళేటప్పుడు వెనకకాలు జారిందంటే నేను పైన రాసిందంతా వృథా.